మంచులో పోటీ చూడాలంటే ముందు నిలబడటానికి సిద్ధం కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. పత్రికల్లో యూరప్ టూర్ల ప్రకటనలు ఏటా పెరుగుతున్నాయి, తిరుపతి, చిత్తూరు నుంచి వెళ్ళే కుటుంబాలూ పెరుగుతున్నాయి. ఆ ప్రకటనల్లో మంచు అంటే ఒకటే కార్యక్రమం: స్విట్జర్లాండ్‌లో కొండ మీదికి రైలెక్కడం, గంటసేపు ఫోటోలు దిగడం, కిందికి రావడం. అవే కొండల్లో, అదే కాలంలో ప్రపంచ స్థాయి స్కీయింగ్ పోటీలు జరుగుతుంటాయని ఒక్క ముక్క కూడా ఉండదు. టీవీలో శీతాకాల ఒలింపిక్స్ చూసిన పిల్లలు అడిగితే పెద్దవాళ్ళు ఎలాగో టికెట్లు సంపాదిస్తారు. తీరా అక్కడికి వెళ్ళాక పోటీ సగంలో ఉండగానే కాళ్ళు కొయ్యబారి హోటల్ దారి పడతారు. నిజానికి టికెట్టు సంపాదించడం ఇందులో తేలికైన పని. సున్నాకు పది డిగ్రీలు దిగువన, కదలకుండా నాలుగైదు గంటలు నిలబడటమే కష్టమైన పని. దాన్ని మన భాషలో విడమరిచి చెప్పినవాళ్ళు తక్కువ కాబట్టి ఈ ఉత్తరం కాస్త పొడుగైంది. దయచేసి చోటివ్వండి.

ముందు ఎప్పుడు, ఎక్కడ అన్న సంగతి. మన పిల్లలకు సంక్రాంతి సెలవులు వచ్చే జనవరి మధ్య రోజులే ఆల్ప్స్‌లో పోటీలకు నిండు కాలం. స్విట్జర్లాండ్‌లోని వెంగెన్‌లో లాబర్‌హార్న్ డౌన్‌హిల్ పోటీ, అంటే కొండ పైనుంచి స్కీలతో వేగంగా కిందికి దూసుకొచ్చే పోటీ, సాధారణంగా అప్పుడే పడుతుంది. 1930లో మొదలైన పోటీ అది. నాలుగు కిలోమీటర్ల పైచిలుకు దారి, పైనుంచి కిందికి 1,028 మీటర్ల తేడా. స్కీయింగ్ ప్రపంచ కప్‌లో ఇంత పొడవైన డౌన్‌హిల్ మరొకటి లేదు, గెలిచేవాడికి కూడా దాదాపు రెండున్నర నిమిషాలు పడుతుంది. 2013లో ఫ్రాన్స్ ఆటగాడు యోహాన్ క్లారే ఇక్కడ గంటకు 161.9 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. యుంగ్‌ఫ్రావ్ శిఖరం చూడటానికి లౌటర్‌బ్రున్నెన్ వైపు నుంచి వెళ్ళే మన టూరు బృందాలు ఎక్కే పళ్ళచక్రాల రైలు వెంగెన్ మీదుగా ఈ పోటీ దారి పక్కనుంచే పైకి పోతుంది. ఒకచోట ఆటగాళ్ళు ఆ రైలు వంతెన కిందనుంచే దూసుకుపోతారు. టూరు తేదీ నాలుగు రోజులు అటూ ఇటూ జరిపితే చాలు, అదే రైలు టికెట్టుతో పోటీ దగ్గర దిగవచ్చు. వెంగెన్‌లోకి కార్లు రావు, రైలొక్కటే దారి. అందుకే పోటీ రోజు ఉదయం ఆ రైళ్ళు కిక్కిరిసి ఉంటాయి. గది లౌటర్‌బ్రున్నెన్‌లోనో ఇంటర్‌లాకెన్‌లోనో తీసుకుంటే మేలు.

దాని వెనకే ఆస్ట్రియాలో కిట్స్‌బ్యూల్ పోటీ వస్తుంది. 1931 నుంచి జరుగుతోంది. స్ట్రైఫ్ అనే ఆ దారి 3.3 కిలోమీటర్లు, ఎత్తు తేడా 860 మీటర్లు. బయల్దేరిన కొద్ది క్షణాలకే వచ్చే మౌసెఫాలె అనే చోట వాలు 85 శాతం, అంటే వంద మీటర్లు ముందుకు పోయేలోగా ఎనభై అయిదు మీటర్లు కిందికి దిగిపోవడమే. పోటీ ముగిసే చోటుకు దగ్గర్లోనే కిట్స్‌బ్యూల్ హానెన్‌కామ్ అని చిన్న రైల్వే స్టేషను ఉంది, పెద్ద స్టేషనులో దిగి నడవక్కర్లేదు. ఈ రెండూ పురుషుల పోటీలు. మహిళల డౌన్‌హిల్ చూడాలనుకుంటే జనవరిలో ఇటలీలోని కోర్టినా వైపు చూడండి.

సంక్రాంతి దాకా ఆగలేనివాళ్ళకు డిసెంబరు 29 నుంచి జనవరి 6 దాకా నాలుగు కొండల స్కీ జంపింగ్ టోర్నమెంటు ఉంది. ఏటవాలు దారి మీంచి స్కీలతో జారి గాలిలోకి దూకే ఆట ఇది. జర్మనీలో ఒబర్స్ట్‌డోర్ఫ్, గార్మిష్, ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్, బిషోఫ్స్‌హోఫెన్, ఇదీ వరస. గార్మిష్‌లో పోటీ సరిగ్గా జనవరి 1న జరుగుతుంది. మ్యూనిక్ నుంచి గార్మిష్‌కు రైల్లో గంటన్నర లోపే, ఒబర్స్ట్‌డోర్ఫ్‌కు రెండున్నర గంటలు. జాల్స్‌బుర్గ్ నుంచి బిషోఫ్స్‌హోఫెన్‌కు గంట కూడా పట్టదు. ఇన్స్‌బ్రుక్‌లోనైతే బెర్గిజెల్ కొండ ఊరి అంచునే ఉంటుంది, ట్రామ్‌లో వెళ్ళిపోవచ్చు. నాలుగూ చూడనక్కర్లేదు. మ్యూనిక్‌లో బస పెట్టుకుని ఒక్క గార్మిష్ చూసి వచ్చినా తృప్తిగా ఉంటుంది.

ఇక ఏ ఆట చూడాలి? పేరు చూసి అందరూ డౌన్‌హిల్‌కే ఎగబడతారు గానీ, మొదటిసారి వెళ్ళే కుటుంబానికి అది ఆఖరున చూడాల్సిన ఆట అని గట్టిగా చెప్తాను. మూడు, నాలుగు కిలోమీటర్ల దారిలో మీరు ఒక్కచోటే నిలబడతారు. ఒక్కో ఆటగాడు కంటికి ఆనేది ఏడెనిమిది సెకన్లు, మిగతాదంతా పెద్ద తెర మీదే. దానికంటే బయాథ్లాన్ నయం. మంచు మీద స్కీలతో పరుగెత్తి, మధ్యమధ్య రైఫిల్ పేల్చే ఆట ఇది. గురికి దూరం 50 మీటర్లు, అయిదు గుండ్లు, అయిదు నల్ల చుక్కలు. పడుకుని కాల్చేటప్పుడు చుక్క వెడల్పు 45 మిల్లీమీటర్లు, నిలబడి కాల్చేటప్పుడు 115. తగిలిన చుక్క మీద తెల్ల రేకు మూసుకుంటుంది, కాబట్టి గ్యాలరీలో కూర్చున్న చిన్నపిల్లలకు కూడా లెక్క తెలిసిపోతుంది. చాలా పోటీల్లో తప్పిన ప్రతి గుండుకీ 150 మీటర్ల జరిమానా చుట్టు తిరగాలి. ఆటగాళ్ళు కొండ చుట్టూ తిరిగి మళ్ళీ మళ్ళీ మీ ముందుకే వస్తారు. పరుగెత్తి వచ్చినవాడి గుండె దడదడలాడుతుంటుంది, ఆ దడలోనే ఊపిరి బిగబట్టి చుక్కకు గురి పెట్టాలి. ముందున్నవాడు ఒక్క గుండు తప్పడంతో పోటీ తారుమారవడం కళ్ళారా చూడటానికి ఇంతకంటే మంచి ఆట లేదు. జర్మనీలో రూపోల్డింగ్‌లో ఈ పోటీలు సాధారణంగా జనవరి మధ్యలో వారం రోజులపాటు సాగుతాయి. మ్యూనిక్ నుంచి ట్రౌన్‌స్టైన్‌లో రైలు మారి వెళ్ళాలి.

స్కీ జంపింగ్‌కు వెళ్తే మార్కుల లెక్క ముందే తెలిసి ఉండాలి, లేకపోతే ఎక్కువ దూరం దూకినవాడు ఎందుకు వెనకబడ్డాడో బోధపడదు. దూరం లెక్కకు ఆధారంగా ప్రతి కొండకూ ఒక గుర్తు ఉంటుంది, దాన్ని కె పాయింట్ అంటారు. పెద్ద కొండకు అది 120 మీటర్లు అనుకుందాం. సరిగ్గా అక్కడ దిగితే 60 మార్కులు. అక్కణ్ణుంచి ముందుకు పోయిన ప్రతి మీటరుకూ 1.8 కలుపుతారు, తగ్గితే తీసేస్తారు. 130 మీటర్లు దూకినవాడికి 60కి 18 కలిసి 78 వస్తాయి. అయిదుగురు న్యాయనిర్ణేతలు తలా ఇరవైకి మార్కులు వేస్తారు. అందులో అతి ఎక్కువదీ అతి తక్కువదీ కొట్టేసి మూడు కలుపుతారు. మూడూ 18 అయితే 54. మొత్తం 132. ఆ పైన గాలి లెక్క ఉంటుంది: ఎదురుగాలి ఆటగాణ్ణి పైకి లేపుతుంది గనుక అది ఉంటే మార్కులు తగ్గిస్తారు, వెనక గాలి ఉంటే కలుపుతారు. తెర మీద చివర్న కనిపించే చిన్న అంకె అదే. నాలుగు కొండల టోర్నమెంటులో మొదటి రౌండులో ఇంకో మెలిక ఉంది. 50 మందిని 25 జంటలు చేస్తారు. ప్రతి జంటలో నెగ్గినవాడూ, ఓడినవాళ్ళలో మంచి మార్కులున్న అయిదుగురూ, మొత్తం 30 మంది రెండో రౌండుకు వెళ్తారు.

స్లాలమ్, అంటే పాతిన కర్రల మధ్య వంకర్లు తిరుగుతూ రెండుసార్లు కిందికి దిగే స్కీ పోటీ, చూసేవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. మొదటి పరుగులో తొలి 30 మందే రెండో పరుగుకు వస్తారు, అదీ తలకిందులుగా: ముప్పయ్యోవాడు ముందు, మొదటివాడు ఆఖరు. కాబట్టి చలికి తాళలేక మధ్యలో లేచిపోతే అసలు ఘట్టమే తప్పిపోతుంది. మంచులో నిలబడలేని పెద్దలకు ఐస్ హాకీ, ఫిగర్ స్కేటింగ్ మంచివి. పైకప్పు, కుర్చీ ఉంటాయి. అయినా లోపల మంచుగడ్డ పరిచి ఉంటుంది కాబట్టి స్వెటరు మరవకూడదు.

టికెట్ల సంగతి. జర్మనీ, ఆస్ట్రియాల్లో రెండు రకాలుంటాయి: నిలబడే చోటు, కూర్చునే చోటు. టికెట్ పేజీలో నిలబడేదాన్ని స్టేప్లాట్స్ అనీ, కూర్చునేదాన్ని జిట్స్‌ప్లాట్స్ అనీ రాస్తారు. నిలబడే టికెట్టు చవక, అందుకే మనవాళ్ళు అదే కొంటారు. అరవై దాటినవాళ్ళు, పదేళ్ళలోపు పిల్లలు ఉంటే కూర్చునేదే కొనండి. నిలబడే చోట ముందు వరస కావాలంటే గేట్లు తెరవగానే వెళ్ళాలి, అంటే పోటీకి ముందు మరో రెండు మూడు గంటలు చలిలో ఉండాలి. చాలామందికి తట్టని ఉపాయం ఒకటుంది. స్కీ జంపింగ్‌లో పోటీకి ముందురోజు అర్హత రౌండు జరుగుతుంది. అదే ఆటగాళ్ళు, అదే కొండ, జనం తక్కువ, టికెట్టు చవక. డబ్బు కట్టేటప్పుడు కార్డు పనిచేయకపోతే కంగారు పడొద్దు. 2020 నుంచి మన బ్యాంకు కార్డుల్లో విదేశీ చెల్లింపులు మొదట ఆపివేసే ఉంటాయి, బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు అన్నచోట మనమే తెరుచుకోవాలి. టికెట్టును ఫోన్‌లో దాచుకోండి, ఒక కాగితం కాపీ కూడా తీసుకోండి. వేలమంది ఒక్క లోయలో చేరినచోట నెట్‌వర్క్ అందదు, గేటు దగ్గర మెయిల్ తెరుచుకోదు.

వీసాకు మన జిల్లాలవాళ్ళు చెన్నైకో, బెంగళూరుకో, హైదరాబాద్‌కో పోవాలి. ఏ ఊరి కేంద్రం మన చిరునామాకు వర్తిస్తుందో దేశాన్ని బట్టి మారుతుంది, అపాయింట్‌మెంట్ తీసుకునే ముందే చూసుకోవాలి. ఈ దేశాలన్నిటికీ కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టవచ్చు, 15 రోజుల ముందు ఆఖరు గడువు. ఆఖరు గడువును నమ్ముకోవద్దు, పరిశీలన 45 రోజుల దాకా సాగవచ్చు. రుసుము పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ళ పిల్లలకు 45, ఆరేళ్ళలోపు పిల్లలకు లేదు. జర్మనీ, ఆస్ట్రియా రెండూ తిరిగేవాళ్ళు ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి, రాత్రులు సమానమైతే మొదట దిగే దేశానికి. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ఆ బీమా కాగితంలో శీతాకాల క్రీడలు అన్న మాట ఎక్కడుందో చదవండి. ప్రేక్షకుడిగా జారిపడితే వర్తించే బీమా, పిల్లలతో సరదాగా స్లెడ్జి ఎక్కి పడితే వర్తించకపోవచ్చు.

ఇక నిలబడటం. గరుడసేవ నాడు మాడవీధుల గ్యాలరీల్లో పొద్దున్నే చోటు పట్టుకుని రాత్రి వాహనం కదిలేదాకా కూర్చోగలిగే ఓర్పు మనవాళ్ళకు ఉంది. ఇక్కడ ఓర్పు ఒక్కటే చాలదు. నడిచేటప్పుడు కండరాలు వేడి పుట్టిస్తాయి, నిలబడితే ఆ వేడి సగానికి సగం పడిపోతుంది. అందుకే కొండ మీద ఫోటోలకు సరిపోయిన జాకెట్టు, పోటీ దగ్గర గంట కూడా ఆగదు. గాలి తోడైతే ఇంకా కష్టం. మైనస్ పది డిగ్రీల దగ్గర గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ముఖానికి అది మైనస్ ఇరవైలా తగులుతుంది.

చలి ముందుగా పట్టుకునేది పాదాలను. మంచు మీద నిలబడితే వేడి అరికాలి గుండా నేలలోకి పోతూనే ఉంటుంది. పల్చటి అడుగున్న స్పోర్ట్స్ షూ వేసుకుంటే ఎన్ని సాక్సులు తొడిగినా లాభం లేదు. అడుగు మందంగా, గాళ్ళు లోతుగా ఉండి, చీలమండ దాటి పైకి వచ్చే బూటు కావాలి. మీ మామూలు సైజు కంటే అర సైజో ఒక సైజో పెద్దది తీసుకోండి. మనవాళ్ళు తప్పుచేసేది సరిగ్గా ఇక్కడే: సరిపోయే బూటులో రెండు జతల సాక్సులు కుక్కుతారు. వేళ్ళు బిగుసుకుంటాయి, రక్తం ఆడదు, ఒక్క జత వేసుకున్నవాడి కంటే ముందు ఈయన వేళ్ళే మొద్దుబారతాయి. మందపాటి ఉన్ని సాక్సు ఒక్క జత, లోపల వేళ్ళు ఆడించడానికి చోటు, అంతే కావలసింది. కాళ్ళ కింద వేసుకోవడానికి యోగా చాప నుంచి కోసిన రెండు ముక్కలు సంచిలో పెట్టుకోండి. అదీ లేకపోతే అట్టపెట్టె ముక్క అయినా సరే. ఆ ఒక్క సెంటీమీటరు మందం పాదానికీ మంచుకీ మధ్య ఉంటే చాలా తేడా తెలుస్తుంది. పది నిమిషాలకోసారి మడమలెత్తి దించుతూ ఉండండి.

ఒంటికి మూడు పొరలు. చర్మాన్ని అంటుకునేది మెరీనో ఉన్నిదో పాలిస్టరుదో థర్మల్, దాని మీద ఫ్లీస్ లేదా ఉన్ని స్వెటరు, అన్నిటికీ పైన గాలీ నీరూ చొరని జాకెట్టు. నూలు బనియను మాత్రం వద్దు. నూలు చెమటను పీల్చుకుని వదలదు, తడిసిన బనియనుతో నిలబడితే వీపు మీద చన్నీళ్ళ గుడ్డ కప్పుకున్నట్టే. జీన్స్ కూడా నూలే, మోకాలి కింద మంచు తగిలి తడిస్తే సాయంత్రానికి బిగుసుకుపోతుంది. చీరె కట్టుకునే పెద్దవాళ్ళు కుచ్చెళ్ళు మంచులో ఈడ్చుకుంటూ ఇబ్బంది పడనక్కర్లేదు. ఆ ఒక్క రోజుకు ఉన్ని లెగ్గింగ్సు మీద గాలి చొరని స్కీ ప్యాంటు, పైన పొడవాటి కుర్తా, జాకెట్టు వేసుకుంటే హాయిగా ఉంటుంది. మన ఊళ్ళో చలికాలంలో రోడ్డు పక్కన అమ్మే స్వెటర్లలో చాలావరకు యాక్రిలిక్, మధ్య పొరగా పరవాలేదు, గాలిని మాత్రం ఆపవు. మంకీ క్యాప్ చూసి ఎవరూ నవ్వరు, చెవులూ మెడా కప్పే దానికి మించిన టోపీ లేదు, నిస్సంకోచంగా తీసుకెళ్ళండి. చేతులకు అయిదు వేళ్ళ గ్లవ్స్ కంటే వేళ్ళన్నీ ఒక్క సంచిలో ఉండే మిటెన్లు వెచ్చన. లోపల పల్చటి గ్లవ్స్ ఉంటే ఫోన్ నొక్కేటప్పుడు చర్మం బయటపడదు.

అన్నీ తొడుక్కుని హోటల్ నుంచి బయల్దేరడం కూడా తప్పే. స్టేషను నుంచి పోటీ దగ్గరికి ఇరవై, ముప్పై నిమిషాలు ఎక్కుడు దారి ఉంటుంది. జాకెట్టు జిప్పు మెడదాకా లాగి నడిస్తే చెమట పడుతుంది, నిలబడగానే ఆ చెమట చల్లబడి వణుకు పుడుతుంది. మధ్య పొర సంచిలో వేసుకుని, జాకెట్టు తెరిచి, కొద్దిగా చలి వేస్తుండగానే నడవండి. చోటు చేరాక, ఒళ్ళు ఇంకా వెచ్చగా ఉండగానే మిగతావి తొడుక్కోండి. ఆ దారి గట్టిపడిన మంచుతో నున్నగా ఉంటుంది. పొడుగు అంగలు వేయకుండా, పాదమంతా ఒకేసారి ఆనిస్తూ నడవాలి. బూటుకు తగిలించుకునే ముళ్ళ పట్టీలు అక్కడి దుకాణాల్లో దొరుకుతాయి. పెద్దవాళ్ళకు తప్పక కొనండి, గేటు దగ్గర విప్పేయమంటే విప్పేయవచ్చు.

చేతులు వెచ్చబెట్టే పొట్లాల గురించి ఒక మాట. అందులో ఇనప పొడి, ఉప్పు, బొగ్గు ఉంటాయి. ఇనుము గాలి తగిలి తుప్పు పట్టడంలోంచే వేడి వస్తుంది. కవరు చింపగానే మిటెన్‌లో దూర్చేస్తే వేడెక్కలేదని పారేస్తారు చాలామంది. చింపి పావుగంట గాలి తగలనివ్వాలి. బిగుతు బూటులో పెడితే గాలందక చల్లారిపోతుంది, పెద్ద సైజు బూటు కొనమనడానికి అదీ ఒక కారణం. నేరుగా చర్మానికి ఆనిస్తే బొబ్బలెక్కుతుంది, సాక్సు మీదే అంటించాలి.

ఫోన్ బ్యాటరీ నలభై శాతం చూపిస్తూనే ఠక్కున ఆగిపోతుంది. చలిలో లిథియం బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగిస్తుంది, అంతకుమించి పాడైందేమీ ఉండదు. చొక్కా లోపలి జేబులో పెట్టుకుని ఫోటోకు మాత్రమే తీయండి. గడ్డకట్టిన ఫోన్‌కు అక్కడే పవర్ బ్యాంక్ తగిలించవద్దు, సున్నాకు దిగువన ఛార్జి చేస్తే బ్యాటరీ నిజంగానే దెబ్బతింటుంది. కెమెరాను వేడి గదిలోకి తెచ్చేముందు బయటే ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూసేయండి, లేకపోతే లెన్సు లోపల చెమ్మ పడుతుంది. ఎండ కాస్తే నల్ల కళ్ళద్దాలు, సన్‌స్క్రీన్ రెండూ అవసరం. కొత్తగా కురిసిన మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది, గడ్డం కింద కూడా చర్మం కమిలిపోతుంది. పెదవులకు కొబ్బరి నూనె సీసా తీసుకెళ్తే అది రాయైపోయి ఉంటుంది, వాసెలిన్ మేలు.

మధుమేహం ఉన్నవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవాలి. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, తర్వాత కరిగినా వాడకూడదు. పెన్ను బయటి సంచిలో పెట్టకుండా ఒంటికి దగ్గరగా, లోపలి జేబులో ఉంచుకోవాలి. గ్లూకోమీటరు కూడా చలిలో సరిగా పనిచేయదు, తప్పు అంకె చూపించవచ్చు లేదా అసలు తెరుచుకోకపోవచ్చు. లోపలికి వెళ్ళి, అది వెచ్చబడ్డాకే పరీక్ష చేసుకోండి. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళకు చలి కరిచిన సంగతి తెలియదు కాబట్టి మధ్య విరామంలో బూటు విప్పి వేళ్ళ రంగు పక్కవాళ్ళ చేత చూపించుకోవాలి. పాలిపోయి, మొద్దుబారి ఉంటే వెంటనే గదిలోకి పోవాలి. మంచుతో రుద్దకూడదు, హీటరు దగ్గర పెట్టకూడదు. స్పర్శ తెలియని కాలు కాలినా తెలియదు. చంకలోనో, అరచేతుల మధ్యో ఒంటి వేడితో వెచ్చబెట్టాలి. రంగు తిరిగి రాకపోతే మైదానంలోని ప్రథమ చికిత్స శిబిరానికి వెళ్ళాలి. రక్తపోటు చలిలో పెరుగుతుంది, ఉదయం మాత్ర మరవొద్దు. వెచ్చదనం కోసమని అక్కడ అమ్మే వేడి వైను తాగితే చర్మంలోకి రక్తం పొంగి ఒళ్ళు వెచ్చగా అనిపిస్తుంది, అసలైన వేడి మాత్రం బయటికి పోతుంది. అదే కొట్లో పిల్లల కోసం మద్యం లేని పళ్ళరసం వేడి చేసి ఇస్తారు, కిండర్‌పున్ష్ అని అడగాలి. కప్పుకు డిపాజిట్ పట్టుకుంటారు, కప్పు తిరిగిస్తే డబ్బు ఇచ్చేస్తారు.

శాకాహారులకు తిండి కష్టమే గానీ అసాధ్యం కాదు. బంగాళాదుంప వేపుళ్ళు, కాల్చిన చెస్ట్‌నట్లు దొరుకుతాయి. సూపులో కూరగాయలే కనిపించినా మాంసం ఉడికించిన నీళ్ళతో చేసి ఉండవచ్చు, అడిగి తాగండి. చీజ్ వేసిన స్పెట్స్‌లె అనే పిండి వంటకంలో గుడ్డు ఉంటుంది. ఇంటి నుంచి పులిహోర పొట్లం తీసుకెళ్తే చలికి అన్నం బిరుసెక్కి గొంతు దిగదు. వేరుశనగ చిక్కీ, ఖర్జూరం, జంతికలు, వేయించిన శనగపప్పు చలికి చెడవు, గ్లవ్స్‌తోనే నోట్లో వేసుకోవచ్చు. నెయ్యి, పాలకోవా, పనీర్ లాంటి పాల పదార్థాలను మన దేశం నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్ళడం నిషేధం, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. మంచినీళ్ళ సీసాను సంచిలో తలకిందులుగా పెట్టండి. నీరు పైనుంచి గడ్డకడుతుంది, మూత వైపు నీరుగానే మిగులుతుంది. స్టీలు ఫ్లాస్కు, పెద్ద సంచి కొన్ని మైదానాల్లో అనుమతించరు, టికెట్టుతో వచ్చే నిషేధాల జాబితా చూసుకోవాలి. ఆదివారాలు, జనవరి 1, 6 తేదీల్లో బవేరియా (మ్యూనిక్ ఉన్న జర్మన్ రాష్ట్రం), ఆస్ట్రియాల్లో సూపర్ మార్కెట్లు మూసి ఉంటాయి. సరుకులు ముందురోజే కొనాలి.

పోటీ జరుగుతుందన్న గ్యారంటీ లేదని మాత్రం తెలుసుకుని వెళ్ళాలి. స్కీ జంపింగ్‌ను గాలి ఆపేస్తుంది, డౌన్‌హిల్‌ను పొగమంచు, ఎక్కువ మంచు, ఒక్కోసారి మంచు లేకపోవడం ఆపేస్తాయి. గంట వాయిదా వేయడం మామూలు, మరుసటి రోజుకు జరపడమూ ఉంటుంది. ఒక రౌండు జరిగి రెండోది ఆగిపోతే చాలాచోట్ల డబ్బు వెనక్కి ఇవ్వరు. అందువల్ల పోటీ మర్నాడే తిరుగు విమానం పెట్టుకోవద్దు, కనీసం రెండు రోజులు చేతిలో ఉంచుకోండి. వరసగా మూడు రోజులు పోటీలుండే వెంగెన్, కిట్స్‌బ్యూల్, రూపోల్డింగ్ లాంటివి ఎంచుకుంటే ఒకటి పోయినా ఇంకొకటి దక్కుతుంది. తిరుగు దారిలో ఒక్కసారే వేలమంది స్టేషను మీద పడతారు. అరగంట ఆగి, ఏదైనా వెచ్చటి గదిలో కూర్చుని, రెండో రైలెక్కడం మంచిది. బవేరియాలో అయిదుగురి దాకా కలిసి తిరగడానికి బయర్న్ టికెట్ అని రోజు టికెట్టు ఉంది. మామూలు రోజుల్లో ఉదయం తొమ్మిది నుంచి, సెలవు రోజుల్లో అర్ధరాత్రి నుంచి, మర్నాడు తెల్లవారుజాము మూడు దాకా చెల్లుతుంది. వేగపు రైళ్ళలో చెల్లదు.

అంత దూరం పోలేనివాళ్ళకు కాశ్మీర్‌లోని గుల్మార్గ్ ఉంది. 2020 నుంచి ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు అక్కడ జరుగుతున్నాయి. సుమారు 2,650 మీటర్ల ఎత్తు, పైన రాసిన పొరలూ బూట్లూ అక్కడా అవసరమే. 2022లో బీజింగ్ ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి వెళ్ళిన ఒకే ఒక్క క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ గుల్మార్గ్ వాలుల మీద పెరిగినవాడే. అంతకు ముందు శివ కేశవన్ 1998 నుంచి 2018 దాకా ఆరు ఒలింపిక్స్‌లో ల్యూజ్, అంటే చిన్న స్లెడ్జి మీద వెల్లకిలా పడుకుని మంచు దారిలో జారే ఆట, ఆడాడు. మన పిల్లలకు ఈ ఇద్దరి పేర్లూ తెలియాలి.

సంపాదకులు గారికి విన్నపం ఒకటి. ఈ ప్రపంచ కప్ పోటీల తేదీలు వేసవి నాటికే ఖరారవుతాయి. మీ పత్రిక జులైలోనో ఆగస్టులోనో ఆ తేదీల పట్టికను, దగ్గరి రైల్వే స్టేషన్ల పేర్లతో సహా ప్రచురించాలని కోరుతున్నాను. డిసెంబరులో వేస్తే చదవడానికి బాగుంటుంది గానీ అప్పటికి వీసా అపాయింట్‌మెంట్లూ, కొండ ఊళ్ళలో గదులూ అయిపోయి ఉంటాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తిరుపతి